నీడ వైపు సీటు

“...అంటే ఇప్పుడు తప్పు సూర్యుడిదంటారా?”

“నేను ఎవరి తప్పనీ అనలేదు. నీడలో పెట్టినవి మాడిపోయాయి అంటున్నాను, అంతే.”

“మాడిపోయాయని నాకూ కనిపిస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశాను గానీ, ఆకులు కాలాక చేతులు నలుపుకుంటూ కూర్చున్న మనిషిని మిమ్మల్నే చూస్తున్నా. పెరటి మీద రేకులేయించేద్దాం. పీడా వదిలిపోతుంది.”

మెడలో కొలతల టేపు వేసుకుని, పెరటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతోంది భార్య. ఒక కాలు గడపకి లోపలే ఉంది. మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటింది. చెప్పుల్లేకుండా ఆ సిమెంటు గచ్చు మీద రెండో కాలు పెట్టే ధైర్యం ఆవిడకి లేదు. కండక్టరు గోడ వారన ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్ళో ఫెర్ను కుండీ పెట్టుకుని ఉన్నాడు. ఫెర్ను ఆకులు కాల్చిన కాగితంలా ముడుచుకుని, వేలు తగిలితే పొడి రాలుతున్నాయి.

లోపల గదిలో మూడు కుట్టుమిషన్లూ ఒకేసారి ఆగిపోయాయి. మూడింటికీ ఒకేసారి దారం తెగదు. చెవులు ఇటు తిరిగాయన్నమాట.

“ఇప్పుడే వేయించేద్దును,” అంది ఆవిడ కాస్త గొంతు తగ్గించి. “కానీ బడి యూనిఫాంల పని నడుమ తవ్వకాలు పెట్టుకుంటే తెల్లబట్టంతా దుమ్ము. వచ్చే ఏడాది బట్ట దిగేలోపు రేకుల మేస్త్రీని పిలుస్తాను. అప్పటిదాకా మీ ఇష్టం, మీ మొక్కల ఇష్టం.”

ఆవిడ లోపలికి వెళ్ళింది. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఉద్యోగం అయిపోయి ఐదు నెలలైనా అందరూ అతన్ని కండక్టరనే పిలుస్తారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఒకే రోడ్డు మీద ఒకే బస్సు. దారపు కండె విప్పి పరిచినట్టు తూర్పు నుంచి పడమరకి తిన్నగా పోయే రోడ్డు అది. పొద్దున్న పడమరగా మిల్లుల దాకా, సాయంత్రం వెనక్కి. బస్సెక్కిన ప్రతివాళ్ళూ టికెట్టు కంటే ముందు అడిగేది ఒకటే: “ఎండ ఏ పక్కండీ?”

అతను చెప్పేవాడు. చెప్పి ఊరుకోకుండా కూర్చోబెట్టేవాడు. “పెద్దమ్మా, కుడి పక్కకి రండి. మీరు కూడా, కడుపుతో ఉన్నారు, ఆ కిటికీ దగ్గరకి వెళ్ళండి. ఏం తమ్ముడూ, నువ్విటు ఎడం పక్కకి లే. నీ వయసులో ఎండ టానిక్కు.” లేవనని మొండికేసిన కుర్రాళ్ళు కూడా అతను ఈల నోట్లో పెట్టుకుని ఎదురుగా నిలబడితే నవ్వి లేచేవాళ్ళు. ఆ రోడ్డు పొడవునా అతనికి నీడ కండక్టరని పేరొచ్చింది. పై అధికారులెవరూ ఆ పేరు విన్నట్టు లేరు గానీ, అతను మాత్రం విన్నాడు.

అలాంటి మనిషి, ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చిన మూడు రోజులకే నిల్చున్న ప్రయాణికుడయ్యాడు. వీధి గదిలో కూర్చుంటే కొలతలివ్వడానికి ఆడవాళ్ళు వస్తారు, లేవండి. మధ్య గదిలో కత్తిరించే బల్ల, కాళ్ళు తీయండి. వంటింట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది, కాస్త తప్పుకోండి. ‘వెనక్కి జరగండి, వెనక్కి జరగండి’ అని ముప్ఫయ్యొక్క ఏళ్ళు జనాన్ని జరిపినవాణ్ణి, నలుగురు ఆడవాళ్ళు కలిసి మూడు రోజుల్లో వెనక్కి వెనక్కి జరిపి పెరట్లో దించారు. అక్కడ ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఒక గంట గడిచింది. రెండు గడిచాయి. ఎవరూ జరగమనలేదు.

ఆ ఇంట్లో అతన్ని ఎవరూ జరగమనని చోటు అదొక్కటే. రేకులు వేస్తే ఇస్త్రీ బల్ల, బట్ట మూటలు, ఇంకో రెండు మిషన్లు ఆ రేకుల కిందకే వస్తాయని అతనికి తెలుసు. ఆ సంగతి భార్యతో అనలేదు. అనడానికి సిగ్గేసింది.

మొక్కలు పెట్టాలన్న ఆలోచన ఆ పీట మీద కూర్చుని ఉండగానే వచ్చింది. జనవరి నెల. అతను తొందరపడలేదు. భార్య బల్ల మీద నుంచి కుట్టుపని సుద్దముక్క ఒకటి తెచ్చుకుని, పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకోసారి నీడ అంచు ఎక్కడుందో గచ్చు మీద గీత గీశాడు. పెరటి గచ్చు మీదా, వీధి గుమ్మం పక్కనున్న సన్నటి జాగాలోనూ. నాలుగు రోజులు గీశాడు. సుద్ద తగ్గిపోతోందని భార్య అరిచింది. ఐదో రోజు పాత క్యాలెండరు కాగితం వెనక ఇంటి బొమ్మ వేసి, బస్సులో సీట్లకు వేసినట్టు అంకెలు వేశాడు. ఒకటి నుంచి ఇరవయ్యేడు.

లెక్క తేలిగ్గానే తేలింది. వీధి దక్షిణం వైపు. అక్కడ గోడకి రోజంతా ఎండే. పెరడు ఉత్తరం వైపు. ఇంటి నీడ పడి పెరటి గోడ వారంతా చల్లగా, తడిగా, నాచు కూడా పట్టి ఉంది. దక్షిణం ఎండ వైపు, ఉత్తరం నీడ వైపు. బస్సులో ఎడమ, కుడి లాగే.

కాలవ గట్టున నర్సరీ ఉంది. నర్సరీ ఆయన మాటకారి. ఏ మొక్క మీద చెయ్యి పెట్టినా “ఎంత ఎండకైనా ఆగుతుందండీ” అనడం ఆయనకి అలవాటు.

“అన్నీ ఆగుతాయంటే నేన్నమ్మను,” అన్నాడు కండక్టరు. “నా బస్సులో అందరూ కుర్రాళ్ళే ఎక్కేవాళ్ళా? వీటిలో ముసలివాళ్ళెవరు, పసిపిల్లలెవరు, అది చెప్పండి.”

నర్సరీ ఆయన అతని మొహంలోకి ఒకసారి చూసి, పైపు పక్కన పడేసి, నిజం చెప్పడం మొదలుపెట్టాడు. కాగితంపూలు, గన్నేరు, నందివర్ధనం, కలబంద, అడీనియం: వీటికి ఎండ ఎంతుంటే అంత మంచిది. మందారం కూడా తట్టుకుంటుంది, నీళ్ళు మరిచిపోకపోతే. కనకాంబరానికి పొద్దుటెండ చాలు. ఫెర్ను, బెగోనియా, రంగుల ఆకుల మొక్కలు మాత్రం నీడలోనే బతుకుతాయి. “ఇంకో మాటండీ. ఇవన్నీ నా దగ్గర ఆకుపచ్చ వల కింద పెరిగినవి. ఎండ మొక్కైనా సరే, తీసుకెళ్ళి తిన్నగా ఎండలో పెట్టారా, బొబ్బలెక్కుతుంది. పది రోజులు రోజుకో గంట చొప్పున అలవాటు చెయ్యాలి.”

“కాసేపు నిలబెట్టి, తర్వాత సీటివ్వడం,” అన్నాడు కండక్టరు. ఆ మాట అతనికి బాగా నచ్చింది.

అలా ఇరవయ్యేడు సీట్లూ నిండాయి. దక్షిణం వైపు ఎండకోర్చేవి, ఉత్తరం వైపు సుకుమారాలు. మార్చి దాకా అన్నీ కళకళలాడాయి. ఏప్రిల్లో కాగితంపూల చెట్టు ఆకులు వేస్తూ పూలు మానేసింది. మే నెల రెండో వారానికి పెరట్లో ఫెర్నులు ఇలా తయారయ్యాయి.

ఒళ్ళోని కుండీ కింద పెట్టి అతను మొహం తుడుచుకుంటూ ఉండగా కాజాలక్క బయటికొచ్చింది. ఆ కుట్టుగదిలో భార్య తర్వాత అందరికంటే పెద్దది, చొక్కా బొత్తాలకి చేతికాజాలు కుట్టడంలో ఆమెకి సాటి లేదు. భార్యని అక్కా అని పిలుస్తుంది కాబట్టి కండక్టరుతో బావగారి వరస కలిపేసుకుంది. ఆమె చేతిలో పూల దుప్పటి ఒకటుంది. చెప్పులేసుకుని వచ్చి, కుట్టుగది కిటికీ ఊచలకి ఆ దుప్పటి కట్టడం మొదలుపెట్టింది.

“దుప్పటెందుకమ్మా?”

“ఎండకండీ బావగారూ.”

“ఉత్తరపు కిటికీకి ఎండేమిటి?”

“ఆ మాట ఎండని అడగండి, నన్నడిగితే నేనేం చెప్పను? పన్నెండేళ్ళుగా మే నెలొస్తే కడుతున్నాం, ఆగస్టులో విప్పుతున్నాం. దుప్పటి కూడా అదే. మీ పెళ్ళి నాటిదంట.”

“పన్నెండేళ్ళుగా?”

“మీరెప్పుడన్నా పట్టపగలు ఇంట్లో ఉన్నారా తెలియడానికి? సెలవు రోజు కూడా వీధి గదిలో తలుపులేసుకుని నిద్రేగా. మరి సుద్దముక్క పట్టుకుని అన్ని గీతలు గీశారు, లోపలున్న నలుగురిలో ఒక్కర్ని అడిగితే మీ సొమ్మేం పోయేది?” ఆమె చివరి ముడి వేసి, అతని మొహం చూసి జాలిపడినట్టు, “మంచినీళ్ళు కావాలా?” అంది.

కండక్టరు నీళ్ళు అక్కర్లేదన్నాడు. అతను గోడకేసి చూస్తున్నాడు. తను కూర్చున్న గోడ వారన, జనవరిలో నాచు పట్టిన చోట, నీడ అనేది ఒక్క జానెడు కూడా లేదు. ఎండ గోడ మీద నిలువునా దిగుతోంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అతనికి గుర్తొచ్చింది. రోజూ నల్ల గొడుగుతో ఎక్కే లెక్కల టీచరొకావిడ ఉండేది. చలికాలమంతా అతను చెప్పిన కుడి పక్కనే హాయిగా కూర్చుంది. సరిగ్గా మే నెలలో ఒక పొద్దున్న దిగుతూ దిగుతూ అందరి ముందూ గొడుగు కొన అతని మీదకి చూపించింది. “నీ మాట విని కుడి పక్క కూర్చున్నానయ్యా. నా చెంప చూడు, పెనం మీద పెట్టి తీసినట్టుంది!” ఆవిడ దిగిపోయాక డ్రైవరు స్టీరింగు మీద పడి నవ్వాడు. ముసలివాడు, ఆ రోడ్డు మీద అన్నీ చూసినవాడు. “చలికాలం నేర్చుకున్న లెక్క ఎండాకాలం ఒప్పజెప్తే ఎట్లారా? ఏడాదంతా దక్షిణం పక్కన నడిచే సూర్యుడు, ఈ రెండు మూడు నెలలూ రోడ్డు దాటి ఉత్తరం పక్కకొస్తాడు. ఆయన కూడా సీటు మారతాడు!”

ఆ తర్వాత ఇరవైతొమ్మిది వేసవులు అతను ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. మే నెల రాగానే జనాన్ని ఎడం పక్కకి మార్చేవాడు. బస్సులో అంత బాగా తెలిసిన సంగతి ఇంట్లో ఎందుకు గుర్తు రాలేదో ఆలోచిస్తే అతనికి నవ్వొచ్చింది, కాస్త బాధ కూడా వేసింది. ఇల్లు కదలదు కాబట్టి ఎండ కూడా కదలదనుకున్నాడు.

లేచి ఇంట్లోంచి వీధి గుమ్మం వైపుకి నడిచాడు. అక్కడ దక్షిణపు గోడ వారన, సన్‌షేడు కింద, నిండుగా నీడ. చేత్తో తడిమితే గోడ చల్లగా ఉంది. ఆ చల్లదనంలో కాగితంపూల చెట్టూ, అడీనియాలూ నీడ సీటులో కూర్చోబెట్టిన కుర్రాళ్ళలా బద్ధకంగా ఆకులు పెంచుకుంటూ ఉన్నాయి.

ఆ సాయంత్రమే సీట్ల మార్పు జరిగింది. పెరట్లోకి సందు లేదు. వీధి వైపు నుంచి పెరటికి పోవాలంటే కుట్టుగది మధ్యలోంచే దారి. పాత కుర్చీ చక్రాలు ఒక చెక్కకి బిగించి, దాని మీద కుండీ పెట్టి, తాడు కట్టి లాగాడు. నేలంతా తెల్ల చొక్కాలు, నీలం లాగూలు కుప్పలుగా ఉన్నాయి.

“ఒక్క మట్టిబెడ్డ తెల్లబట్ట మీద పడిందంటే, కుండీతో పాటు మీరూ బయటే,” అంది భార్య.

“కాళ్ళు ఎత్తండి, కాళ్ళు ఎత్తండి! ముందు ఫెర్నుగారు దిగుతారు, తర్వాతే కాగితంపూలు ఎక్కాలి. తోసుకోకండి!” జేబులోంచి ఈల తీసి ఊదాడు. మిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళు కాళ్ళు పైకెత్తి నవ్వలేక చచ్చారు. కాజాలక్క సూది నోట్లో పెట్టుకుని, “రైట్, రైట్!” అంది. భార్య మొహం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదిలాయి.

మాడిన ఫెర్నుల్లో సగం దక్షిణం వైపు నీడలో మళ్ళీ చిగురించాయి. నల్ల కుండీలు ఎండకి కాగిపోయి వేళ్ళని ఉడకబెడుతున్నాయని గమనించి, వాటిని ఇటుకల మీదకెక్కించి, కత్తిరింపుల్లో మిగిలిన తెల్లబట్ట ముక్కలు చుట్టాడు. మట్టి మీద నీలం ముక్కలు పరిచి తడిపాడు. “మొక్కలక్కూడా యూనిఫాంలేసేశారా? ఇంక బెల్టొకటి తక్కువ,” అంది భార్య. ఒక బెగోనియా మాత్రం ఎక్కడ కూర్చోబెట్టినా చచ్చిపోయింది. కొంతమంది ప్రయాణికులు అంతే, ఏ పక్క కూర్చోబెట్టినా ఆ సీటే బాగాలేదంటారు.

కానీ అసలు సంగతి కుండీల్లో లేదని అతనికి అర్థమైంది. ఆ కిటికీ, ఆ కిటికీ వెనక నలుగురు, పన్నెండేళ్ళ దుప్పటి. నర్సరీకి వెళ్ళి, “ఈసారి నీడలో కూర్చునేది వద్దు. తను ఎండలో నిలబడి పక్కవాళ్ళకి నీడిచ్చేది కావాలి,” అన్నాడు.

“రాధామనోహరం,” అన్నాడు నర్సరీ ఆయన, ఆలోచించకుండానే. “తీగ. ఎండకి పొగరెక్కుతుంది. కుండీలో వద్దు, నేలలో పెట్టండి. ఇప్పుడు కాదు, తొలి వానలు పడ్డాక రండి.”

తొలి వానలు పడ్డాక పెరటి ఉత్తరపు కొసన, ప్రహరీ వారన, మూరెడు మేర గచ్చు పగలగొట్టి తీగ నాటాడు. నాలుగు ఇనప గొట్టాలు పాతి, వాటి మీంచి కిటికీ దాకా ఇనప తీగెలు లాగాడు. ఈసారి పని మొదలుపెట్టే ముందు కుట్టుగది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు. ఏ వేళకి ఎండ ఎవరి మీద పడుతుంది? సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు ఎవరికి ఎంత కావాలి? అందరూ ఒకేసారి చెప్పారు. పాత ట్రిప్పు షీటు వెనక రాసుకున్నాడు. భార్య మాత్రం కత్తెర ఆపకుండా, “చలికాలం నా బల్ల మీద చీకటి పడిందా, ఆ తీగ మొదలంటా కత్తిరిస్తాను. నా చేతిలో కత్తెరే ఉంటుంది, గుర్తుంచుకోండి,” అంది.

అది కూడా రాసుకున్నాడు. నవంబరులో ఆవిడ అడక్కముందే నిచ్చెన వేసుకుని తీగని బోడిగుండులా కత్తిరించేశాడు. పెరట్లోకి వెలుతురొచ్చింది. “ఎంతో కష్టపడి పెంచి, ఇలా గుండు కొట్టేశారేంటండీ?” అని భార్యే బాధపడింది. “వస్తుందిలే,” అన్నాడు. లోపల అతనికీ గుబులుగానే ఉంది. ఫిబ్రవరి దాకా ఆ మోడుని రోజూ పొద్దున్నే చూసేవాడు, రాని ట్రిప్పు కోసం చూసినట్టు.

ఫిబ్రవరి చివర చిగురొచ్చింది. మార్చిలో గొట్టాలెక్కింది. ఏప్రిల్ నెలాఖరుకి కిటికీ మీదకి వచ్చి, సాయంత్రం తెల్లగా పూసి మర్నాటికి ఎర్రబడే గుత్తులు వేలాడదీసింది. నడిమధ్యన ఇంకా రెండు చాపలంత ఖాళీ ఉండిపోయింది. అక్కడ ఎండ మునుపటిలాగే కాల్చేస్తోంది. అతను కుండీలకి సీట్లు మార్చి, నీళ్ళు పోసి, పీట మీద కూర్చుని ఆ ఖాళీని చూస్తూ ఉండేవాడు. నోరు తెరిచి భార్యని ఏమీ అడగలేదు. రేకుల మేస్త్రీకి కబురు మాత్రం వెళ్ళింది. ఆ సంగతి కాజాలక్కే అతని చెవిలో వేసింది.

మే నెల మొదటివారంలో ఒక మధ్యాహ్నం కాజాలక్క పూల దుప్పటి తీసుకుని బయటికొచ్చింది. కిటికీ దగ్గర నిలబడి ఊచల మీద చెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత దుప్పటి మడత మీద మడత వేసి చంకలో పెట్టుకుని లోపలికి పోతూ, “నవ్విన నాపచేనే పండుతుందంటారు బావగారూ. నేనైతే నవ్వలేదులెండి, అక్క నవ్వింది,” అంది.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు, చెవి వెనక పెన్సిలు, చేతిలో ఇనప టేపు. పన్నెండున్నర. లోపల మూడు మిషన్లూ ఆగాయి. మేస్త్రీ పెరటి నాలుగు మూలలూ చూసి, తల పైకెత్తాడు.

“కొలతలకేముందమ్మా, పది నిమిషాల పని. ముందు ఈ తీగ కొట్టేయాలి. గొట్టాలు పీకేయాలి. ఈ పీటా కుండీలూ కాస్త పక్కకి జరిపిస్తే...”

కండక్టరు పీట మీద నుంచి లేచాడు. జేబులో ఈల వేళ్ళకి తగిలింది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

భార్య గడప దాటింది. మెడలో టేపుంది, కాళ్ళకి చెప్పుల్లేవు. కిటికీ ముందు దాకా నడిచి, గచ్చు మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. ఓ అడుగు పక్కకి వేసింది. మళ్ళీ నిలబడింది. ఆకుల సందుల్లోంచి పడుతున్న వెలుతురు చుక్కల్లోకి చెయ్యి చాచి, బట్ట నాణ్యం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ తర్వాత ఎండ పడుతున్న నడిమి ఖాళీ కేసి చూసింది.

“రేకులొద్దు మేస్త్రీగారూ,” అంది. “అదిగో, అక్కడ ఖాళీగా ఉంది చూడండి, ఇంకో నాలుగు గొట్టాలు పాతి తీగెలు లాగండి. సోమవారం నుంచి మిషన్లు బయటేస్తున్నాను. మూడు మిషన్లకీ, ఆ ముక్కాలిపీటకీ చోటుండేలా చూసి పాతండి.”